ఒక్క వెన్నుపూస చెప్పు సాక్ష్యము

మా జంతుశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ ప్రక్కన పాత చెక్కపెట్టె ఒకటి ఉన్నది. అందులో కుందేలు ఎముకలు, మేక ఎముకలు, ఏ జంతువువో ఎవరికిని తెలియని మరికొన్ని ఎముకలు కలగలిసి ఉన్నవి. కొన్నిటిపై తెలుగులో, కొన్నిటిపై ఉర్దూలో సిరాతో వ్రాసిన గుర్తులు సగము చెరిగిపోయి కనబడుచున్నవి. వీనిని ఏ సంవత్సరమున ఏ అధ్యాపకుడు చేర్చెనో చెప్పగలవారు ఇప్పుడు కళాశాలలో లేరు. ఈ ఏడు ప్రయోగశాల సామగ్రిని గురించిన చర్చలో, ఆ పెట్టెను తీసివేసి దాని స్థానమున ప్లాస్టిక్ వెన్నెముక నమూనా ఒకటి తెప్పించినచో శుభ్రముగా ఉండునన్న సూచన వచ్చినది. సూచన చేసినవారి ఉద్దేశము మంచిదే. పెట్టెలో దుమ్మున్నమాట నిజము, కొన్ని ఎముకలు విరిగినమాటయు నిజము. అయినను ఆ సూచనను నేను అంగీకరింపలేకున్నాను. కారణము చెప్పవలెనన్నచో మేకలను, కుందేళ్ళను కొంతసేపు విడిచి, కోట్ల సంవత్సరముల క్రిందటి పొడవు మెడల రాక్షసబల్లుల వద్దకు పోవలసి ఉన్నది. విద్యార్థి మిత్రులును, కమిటీ పెద్దలును కొంచెము ఓపికతో చదువవలెనని మనవి.

ముందుగా ఒక మాట. తెలుగులో మనము వెన్నుపూస అందుము. పూస యనగా దండలోని పూస. దండలోని పూసలన్నియు ఒక్క అచ్చున పోసినట్లుండును. ఒకటి జారిపోయినచో మరియొకటి గుచ్చవచ్చును. ఉర్దూలో అదే ఎముకకు మోహ్రా అను మాట కలదు. చదరంగపు పావును కూడ మోహ్రా అనియే అందురు. పావులలో ఏనుగు వేరు, గుఱ్ఱము వేరు, బంటు వేరు. ప్రతిదానికి తన స్థానము, తన నడక ఉన్నవి. వెన్నెముక విషయమున ఉర్దూ మాటయే సత్యమునకు దగ్గరగా ఉన్నదని, తెలుగు మాతృభాషగా గల నేను ఒప్పుకొనక తప్పదు.

పొడవైన మెడ, పొడవైన తోక, స్తంభముల వంటి నాలుగు కాళ్ళు, దేహమునకు తగని చిన్న తల గల శాకాహార రాక్షసబల్లులను శాస్త్రజ్ఞులు సారోపాడ్‌లు అందురు. నేలపై నడచిన జంతువులలో వీనిని మించిన భారీ జంతువులు లేవు. క్షీరదములలో మెడ ఎంత పొడవైనను, ఒకటి రెండు రకములు తప్ప, పూసలు ఏడే. జిరాఫీకి ఏడు, కుందేలుకు ఏడు, మనకును ఏడు. సారోపాడ్‌లకు ఈ కట్టుబాటు లేదు. కమారాసారస్ మెడలో 12 పూసలు, జిరాఫటైటన్ మెడలో 13, డిప్లోడోకస్ మెడలో 15, చైనా దేశపు మామెన్‌కీసారస్ మెడలో 18 లేక 19. ఈ చివరి దానిలో ఒక జాతి మెడ సుమారు 15 మీటర్లు ఉండవచ్చునని 2023లో ప్రకటించిన పరిశోధనలో లెక్కగట్టినారు. అది మొత్తము మెడ దొరికి టేపుతో కొలిచిన కొలత కాదు. దొరికిన కొద్ది పూసలను, దగ్గరి జాతుల పూర్తి మెడలతో పోల్చి కట్టిన లెక్క. ఇట్టి లెక్కలు ఎంత జాగ్రత్తతో కట్టవలెనో ముందు ముందు తెలియగలదు.

ఒకే జంతువు వెన్నెముకను తల నుండి తోక వరకు వరుసగా పరచి చూచినచో మొదటి ఆశ్చర్యము కలుగును. తల వెనుకనున్న పూసలు చిన్నవి, సాదావి. మెడ నడుమకు వచ్చునప్పటికి అవి సాగి, వెడల్పుకంటె ఎన్నో రెట్లు పొడవుగా మారును. మెడ మొదలులో మరల పొట్టివై వెడల్పగును. వీపు మీద పొడవు తగ్గి ఎత్తు పెరుగును. పైకి నిలిచిన ముల్లువంటి భాగము కొన్ని జాతులలో పూస దిమ్మెకంటె ఎన్నో రెట్లు ఎత్తుండును. తుంటి వద్ద కొన్ని పూసలు ఒకదానితో ఒకటి అతుకుకొని ఒక్క ముద్ద యగును. తోకలో ప్రతి పూసయు ముందుదానికంటె కొంచెము సాదాగా, కొంచెము చిన్నగా ఉండి, చివరకు కొన్ని జాతులలో ఉత్త పుల్లల వలె మిగులును. డిప్లోడోకస్ వంటివానిలో మెడ మొదలు, వీపు ముందు భాగములలో ఆ నిలువు ముల్లు రెండుగా చీలి పంగలకఱ్ఱ వలె ఉండును; తలకు దగ్గరి పూసలలోను, వీపు వెనుక పూసలలోను అది ఒక్కటియే. కాబట్టి ఈ జంతువు మెడలోని ఐదవ పూసను, వీపులోని మొదటి పూసను విడివిడిగా రెండు చోట్ల కనుగొన్నవాడు అవి రెండు జంతువులవని ప్రమాణము చేసి చెప్పినను మనము ఆశ్చర్యపడనక్కరలేదు.

వీని లోపలి నిర్మాణము మరియు వింతైనది. ఇంత బరువైన జంతువుకు అంత పొడవు మెడ ఎట్లు నిలిచెనన్న ప్రశ్నకు సమాధానములో కొంత భాగము గాలి. పక్షుల ఊపిరితిత్తుల నుండి గాలితిత్తులు బయలుదేరి ఎముకలలోనికి చొచ్చుకొని పోవునట్లే, సారోపాడ్‌ల పూసలలోనికిని చొచ్చుకొనిపోయినవి. పూస ప్రక్కల గుంతలు, లోపల గదులు, గదుల నడుమ పలుచని గోడలు. బయటి వైపున ఇంటికప్పును మోయు దూలములు, వాసముల వలె పలుచని పలకలు ఒక మూల నుండి మరొక మూలకు బరువును చేరవేయును. మెడ పూసలలో సగము, కొన్నిటిలో అంతకంటె ఎక్కువ, గాలియే. కోడి మెడ తిని ఎముకను పారవేయుటకు ముందు ఒకసారి వెలుతురులో పట్టి చూచినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

అయితే గాలితిత్తి వడ్రంగి కాదు, గీత గీసి కోయుటకు. అది మెత్తని కణజాలము. దారి దొరికిన చోట ప్రాకును, దొరకని చోట ఆగును. జిరాఫటైటన్, అపటోసారస్ తోకలను పరిశీలించి మాథ్యూ వెడెల్, మైకేల్ టేలర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన వ్యాసములో ఇది స్పష్టముగా కనబడును. ఒకే తోకలో ఒక పూసకు కుడి ప్రక్కన గుంత ఉన్నది, ఎడమ ప్రక్కన లేదు. తరువాత కొన్ని పూసలకు ఏ ప్రక్కనను లేదు. ఇక అయిపోయినదనుకొనగానే మరికొంత దూరమున మరల కనబడును. ఒక్క జంతువు, ఒక్క తోక. అందులో గుంత లేని పూస మాత్రమే దొరికియుండినచో, "ఈ జాతి తోకలో గాలి లేదు" అని వ్రాసియుందురు. గుంత ఉన్నది దొరికినచో అందుకు విరుద్ధముగా వ్రాసియుందురు. రెండు వ్రాతలును నిజాయితీతో వ్రాసినవే అయియుండును.

వయస్సు తెచ్చు మార్పులు మరొక చిక్కు. వెన్నుపూస ఒక్క ముక్కగా పుట్టదు. క్రింది దిమ్మె, పై కమాను వేరువేరుగా ఏర్పడి, జంతువు ఎదిగిన కొలది అతుకుకొనును. తుంటి వద్ద పూసలు ఒకదానితో ఒకటి అతుకుకొనుటయు క్రమక్రమముగా జరుగునదే. ఈ చిన్న విషయము లోకప్రసిద్ధమైన ఒక పొరపాటుకు దారితీసినది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఓత్నియల్ మార్ష్ 1877లో ఒక జంతువునకు అపటోసారస్ అని పేరు పెట్టినాడు. 1879లో మరొక అస్థిపంజరమునకు బ్రాంటోసారస్ అని పేరు పెట్టినాడు. రెండును వేరను వాదమునకు ఆయన చూపిన ఆధారములలో ఒకటి తుంటి పూసల సంఖ్య: మొదటిదానిలో మూడు, రెండవదానిలో ఐదు. 1903లో షికాగో మ్యూజియమునకు చెందిన ఎల్మర్ రిగ్స్ ఆ ఎముకలను మరల పరిశీలించి, మొదటి జంతువు పూర్తిగా ఎదగనిదని, అతుకుకొనవలసిన పూసలు ఇంకను అతుకుకొనలేదని, వయస్సు తేడాను జాతి తేడాగా భావించినారని చెప్పినాడు. పాత పేరుకే హక్కు గనుక అపటోసారస్ నిలిచినది, బ్రాంటోసారస్ శాస్త్రగ్రంథముల నుండి తొలగినది. పిల్లల పుస్తకములు మాత్రము ఈ తీర్పును లెక్కచేయక ఆ పేరునే ముద్రించుచు వచ్చినవి.

కథ అంతటితో ముగియలేదు. 2015లో ఇమాన్యుయెల్ చాప్, ఆక్టావియో మాతెయుస్, రోజర్ బెన్సన్ అను ముగ్గురు, 81 నమూనాలను 477 లక్షణముల విషయమున పోల్చి, బ్రాంటోసారస్‌ను మరల వేరు ప్రజాతిగా నిలబెట్టినారు. అందరును దీనిని అంగీకరింపలేదు. నాకు ముఖ్యముగా తోచినది తీర్పు కాదు, తీర్పు చెప్పిన విధము. మార్ష్ తన ఎదుటనున్న రెండు అస్థిపంజరములను చూచి రెండు పేర్లు పెట్టినాడు. 2015 నాటి వారు ముందుగా, ఒకే జాతి జంతువుల మధ్య ఎంత తేడా ఉండవచ్చునో కొలతవేసుకొని, దానిని మించిన తేడా ఉన్నచోటనే వేరు పేరుకు ఒప్పుకొన్నారు. మార్ష్ ముగింపు సరియైనదే కావచ్చును. కాని సరియైన సమాధానమునకు తప్పు లెక్కతో చేరిన విద్యార్థికి మనము పూర్తి మార్కులు వేయము గదా!

పంగల ముల్లు విషయమునను ఇట్టి వివాదమే నడచినది. చిన్న పూసలలో ముల్లు చీలియుండలేదని, పెద్దవానిలో చీలియున్నదని గమనించి, ఆ చీలిక వయస్సుతో వచ్చినదని 2012లో ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించినారు. వారి మాట నిజమైనచో, వేరు జాతులుగా చెప్పుకొన్నవి కొన్ని ఇతర జాతుల పిల్లలే కావలసివచ్చును. దానికి ముందు పేర్కొన్న వెడెల్, టేలర్‌లు ఇచ్చిన జవాబులో ముఖ్యాంశము సులభమైనది: మెడలో ఒకే స్థానమునకు చెందిన పూసలనే పోల్చవలెను, ముందు భాగపు చిన్న పూసను వెనుక భాగపు పెద్ద పూసతో పోల్చినచో స్థానము తెచ్చిన తేడా వయస్సు తెచ్చిన తేడాగా కనబడును. ఏనుగును, బంటును ప్రక్కప్రక్కన పెట్టి బంటు ఎదిగిన కొలది ఏనుగగునని చెప్పుట వంటిదన్నమాట.

వీనికి తోడు రాతి ఒత్తిడి. కోట్ల ఏండ్లు బురద క్రింద, రాయి క్రింద నలిగిన ఎముక ఒక ప్రక్కకు వ్రాలును, చప్పిడియగును. బ్రదికియుండగా వచ్చిన వంకర ఏదో, చచ్చిన తరువాత వచ్చిన వంకర ఏదో విడదీయుటకు ఒక్క పూస చాలదు. అదే గనిలోని పది పూసలు ఒకే దిక్కునకు వ్రాలియుండినచో ఆ తప్పు రాతిదని తెలియును.

ఒక్క పూసను నమ్మి కట్టిన లెక్కలలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది ఎడ్వర్డ్ కోప్ కథ. మార్ష్‌కు బద్ధవిరోధియైన కోప్‌కు 1878లో కొలరాడో నుండి ఒక వీపుపూస పై భాగము చేరినది. విరిగిన ముక్కయే ఒకటిన్నర మీటరు ఎత్తు. ఆయన దానికి పేరు పెట్టి, ఒక బొమ్మ వేసి ప్రకటించినాడు. ఆ తరువాత ఆ ఎముక ఏమైనదో ఎవరును ఎరుగరు. మిగిలినది ఒక్క బొమ్మ, కొన్ని కొలతలు. ఆ జంతువు డిప్లోడోకస్ బంధువని తలచి దాని పొడవు సుమారు 58 మీటర్లని ఒక కాలమున లెక్కగట్టినారు. భూమిపై ఇంతకుమించినది లేదని చెప్పుకొన్నారు. 2018లో కెనెత్ కార్పెంటర్ ఆ బొమ్మనే మరల చూచి, ఇది వేరొక కుటుంబమునకు చెందినదని, మారాపునిసారస్ అని కొత్త పేరు పెట్టి, పొడవును సుమారు 30 మీటర్లకు తగ్గించినాడు. ఎముక మారలేదు, బొమ్మ మారలేదు. ఏ బంధువులతో పోల్చవలెనన్న అభిప్రాయము మారుటతో దాదాపు సగము జంతువు మాయమైనది. ఎముక ఉండియుండినచో ఈ వివాదము ఇంతకాలము సాగెడిది కాదేమో.

ఇక మన దేశమునకు వత్తము. 1828లో జబల్‌పూర్ వద్ద స్లీమన్ అను ఆంగ్ల సైనికాధికారికి దొరికిన ఎముకలు ఈ దేశమున మొదటగా వెలికివచ్చిన రాక్షసబల్లి ఎముకలు. వానిలోని తోకపూసలను ముఖ్యాధారముగా గొని 1877లో రిచర్డ్ లిడెక్కర్ టైటనోసారస్ ఇండికస్ అను పేరు పెట్టినాడు. ఆ పూసకు ముందు వైపు గిన్నె వలె లోతు, వెనుక వైపు బంతి వలె ఉబ్బు ఉన్నవి. నాటికి అది అపూర్వ లక్షణము. తరువాత అర్జెంటీనాలో, మడగాస్కర్‌లో, ఐరోపాలో అట్టి పూసలు దొరికినప్పుడెల్ల వానికిని టైటనోసారస్ అనియే పేరు పెట్టుచు పోయినారు. చివరకు ఆ బంతిగిన్నె కీలు ఒక పెద్ద కుటుంబమునకంతకును సామాన్యమని తేలినది. ఊరిలో అందరికిని మీసములున్నప్పుడు "మీసములున్నవాడు" అను ఆనవాలుతో మనిషిని పట్టుకొనుట సాధ్యమా? 2003లో జెఫ్రీ విల్సన్, పాల్ అప్‌చర్చ్ ఈ కారణము చేతనే ఆ పేరు ఇక చెల్లదని నిర్ణయించినారు. పేరు పోయినందుకు నాకు విచారము లేదు. విచారింపవలసినది మరొకటి ఉన్నది: ఆ మూల పూసలు ఎక్కడనో కలసిపోయి, పోయినవిగానే భావింపబడి, వానిలో ఒకటి 2012లో కోల్‌కతాలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ సేకరణలలో తిరిగి కనబడినది. దేశపు మొదటి రాక్షసబల్లి ఎముక దశాబ్దముల పాటు కంటికి కనబడకుండ ఉండెనన్నచో, మా కిటికీ ప్రక్కని పెట్టెను నేనేమని నిందింపగలను?

ఈ నిరాశను పోగొట్టునది మన గోదావరి లోయ. ప్రాణహిత, గోదావరి నదుల పరీవాహకమున కోట శిలలని పిలువబడు పొరలు కలవు. ఇవి జురాసిక్ యుగపు పూర్వభాగమునకు చెందినవి, అనగా సుమారు 18 కోట్ల సంవత్సరముల నాటివి. సారోపాడ్‌లు ఇంకను తొలి దశలో ఉన్న కాలమది. రవీంద్రనాథ టాగూరు శతజయంతి సంవత్సరమైన 1961 ప్రాంతమున, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు సిరోంచ ప్రాంతపు పోచంపల్లి వద్ద (చీరల పోచంపల్లి వేరు, ఇది వేరు) త్రవ్వకములు జరిపి సుమారు 300 ఎముకలను వెలికితీసినారు. అవి కనీసము ఆరు జంతువులకు చెందినవి. జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీ అను శాస్త్రజ్ఞులు 1975లో దానికి బారాపసారస్ టాగూరై అని నామకరణము చేసినారు. బెంగాలీలో బారా పా యనగా పెద్ద కాలు. దాని వీపుపూసలలో నాడి పోవు మార్గమునకు పైన ఒక విచిత్రమైన గుహ ఉన్నది. అది వీపు నడుమ, వెనుక భాగముల పూసలలో కనబడు లక్షణము. మెడ పూస ఒక్కటే దొరికియుండినచో ఆ గుహ సంగతియే మనకు తెలియకపోయెడిది.

రెండవది మనకు మరింత సన్నిహితము. నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి గ్రామము వద్ద భూగర్భ సర్వేక్షణ సంస్థ వారికి దొరికిన ఎముకలకు పి. యాదగిరి గారు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టినారు. 2001లో సమగ్రమైన వివరణ ప్రకటించినారు. తెలుగునాట ఒక పల్లె పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములలో శాశ్వతముగా చేరిన అరుదైన సందర్భమిది. దొరికిన ఎముకలు 840. జంతువులు కనీసము పన్నెండు. తల మాత్రము దొరకలేదు, రెండు పండ్లు తప్ప. కోటాసారస్ పూసలు చాల సాదావి. తరువాతి సారోపాడ్‌లలో కనబడు లోతైన ప్రక్క గుంతలు వీనిలో లేవు. ఒక్క పూస దొరికి, దానిలో గుంత లేదని చెప్పినచో, జిరాఫటైటన్ తోక కథ తెలిసినవారు నమ్మకపోవచ్చును. పన్నెండు జంతువుల ఎముకలను చూచి చెప్పినప్పుడు ఆ మాటకు వేరు బరువు వచ్చును. ఒకే శిలల పొరలో రెండు సారోపాడ్‌లు కలవను వాదము నిలుచుటకు కారణము ఏ ఒక్క అందమైన ఎముకయు కాదు. ఈ ప్రక్క మూడు వందలు, ఆ ప్రక్క ఎనిమిది వందల నలుబది ఎముకలు.

రాక్షసబల్లులతో గణాంక సంస్థకు ఏమి పని అని నన్నొక విద్యార్థి అడిగినాడు. మంచి ప్రశ్న. ఆ సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు మనుష్యుల శరీర కొలతలతో తమ పరిశోధన ప్రారంభించి, 1936లో రెండు సమూహముల మధ్య దూరమును కొలుచు సూత్రమును ప్రకటించినారు. దానిని మామూలు మాటలలో ఇట్లు చెప్పవచ్చును: రెండు గుంపుల సగటులు ఎంత దూరమున ఉన్నవను ప్రశ్న ఒక్కటే చాలదు, ఒక్కొక్క గుంపులోని వారు తమలో తాము ఎంత చెదరియున్నారో దానితో తూచి చూచినప్పుడే ఆ దూరమునకు అర్థము. లోపలి చెదురు ఎక్కువైనచో రెండంగుళముల తేడా తేడాయే కాదు. చెదురు తక్కువైనచో అర అంగుళము కూడ పెద్ద తేడా. మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు యౌవనమున కేంబ్రిడ్జి వెళ్ళి, సుడాన్ దేశపు జెబెల్ మోయాలో త్రవ్వితీసిన ప్రాచీన మానవుల ఎముకలపై ఈ పద్ధతినే ప్రయోగించినారు. 2023లో కాలధర్మము చెందిన ఆ మహాశయుని కీర్తి గణితమునకు చెందినదనియే మన విద్యార్థులు తలచుచున్నారు. ఆయన యౌవనపు పనిలో పురాతన ఎముకల కొలతలకు ఒక స్థానమున్నదని వారికి తెలియదు. నేను కూడ చాల ఆలస్యముగా తెలిసికొన్నవాడనే.

ఒక్క పూసతో ఏమియు చెప్పరాదని నా వాదము కాదు. ఇంగ్లండులో 1890ల నాడు దొరికి, లండను మ్యూజియమున నూరేండ్లకు పైగా పడియున్న విరిగిన వీపుపూస ఒక్కదానిని చూచి, టేలర్, నైష్ అను ఇద్దరు 2007లో దానికి జెనోపొసైడన్ అని కొత్త పేరు పెట్టినారు. దానిని ఎవరును తేలికగా కొట్టివేయలేదు. ఏలనన, ఆ పూస పలకల అమరిక తెలిసిన సారోపాడ్‌లలో వేటికిని సరిపోలేదని వారు చూపగలిగినారు. కాని ఆ మాట అనుటకు వారు మిగిలిన సారోపాడ్‌ల పూసలలోని మార్పులన్నిటిని ముందుగా తెలిసియుండవలెను. ఆ ఒక్క పూస వెనుక అనేక మ్యూజియముల అలమారలు నిలిచియున్నవి. 2018లో టేలర్ గారే దాని కుటుంబమును గురించిన తన మొదటి సందిగ్ధతను విడిచి దానికి ఒక కుటుంబములో చోటు చూపినారు. ఎముక భద్రముగా ఉన్నది గనుక అది సాధ్యమైనది. కోప్ పూసకు ఆ భాగ్యము లేకపోయినది.

ఇక మన ప్రయోగశాల. నేను విద్యార్థిగా ఉన్న దినములలో ప్రాక్టికల్ పరీక్షకు కుందేలు నడుము పూస ఒకటి నా ఎదుట పెట్టినారు. దాని ఎడమ రెక్క కుడి రెక్కకంటె పొట్టిగా, కొంచెము వంగి ఉన్నది. ఉన్నది ఉన్నట్లు బొమ్మ వేసినాను. పరీక్షకులు చూచి, పుస్తకములో ఇట్లు లేదే అని మార్కులు తగ్గించినారు. నా ప్రక్కనున్న మిత్రుడు ఎముక వైపు తల ఎత్తి చూడనే చూడక, కంఠస్థము చేసిన బొమ్మ వేసి పూర్తి మార్కులు పొందినాడు. ఆ పరీక్షకులపై నాకు కోపము లేదు. వారికిని ఎవరో అట్లే నేర్పియుందురు. కాని ఇన్నేండ్ల తరువాత నేనును రికార్డు పుస్తకములు దిద్దునప్పుడు, ఎదుటి ఎముకను వదలి గైడులోని బొమ్మకు పోలిక వెదకుచున్నానని ఒకనాడు గ్రహించి సిగ్గుపడినాను. అదే పాఠ్యపుస్తకము కుందేలుకు వీపుపూసలు 12 లేక 13 అని, నడుము పూసలు 6 లేక 7 అని చెప్పుచున్నది. ఆ "లేక" అను మాటను మేము చదివింపము. మనుష్యులలోనే కొందరికి నడుము పూసలు ఐదుకు బదులు ఆరు ఉన్నట్లు ఎక్స్‌రేలు చూచు వైద్యులందరికిని తెలియును.

ప్లాస్టిక్ నమూనా చెడ్డదని అనను. పేర్లు నేర్చుకొనుటకు అది మేలైనది, కడుగవచ్చును, విరుగదు. అయితే దానిలో కుడి ఎడమలు అచ్చు గ్రుద్దినట్లుండును. దానికి వయస్సు లేదు, జబ్బు లేదు, స్థానభేదము తప్ప మరే భేదమును లేదు. అది ఒక్కటియే ఎదుట ఉన్న విద్యార్థి, జాతికి ఒక్క రూపమే ఉండునని మాటలతో కాక కళ్ళతో నేర్చుకొనును. కళ్ళతో నేర్చినది మరచుట కష్టము.

కమిటీ పెద్దలకు నా విన్నపము పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నమూనాను తెప్పించండి, పెట్టెను కూడ ఉండనీయండి. పెట్టెలోని ఎముకలను శుభ్రపరచి, సంఖ్యలు వేసి, ఒక చిట్టాలో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసియుంచుటకు ఇద్దరు విద్యార్థులకు అనుమతి, అరలున్న అలమార ఒకటి, ఒక వెర్నియర్ కాలిపర్స్ చాలును. బజారులోని మాంసపు దుకాణముల నుండి పది పన్నెండు మేకల నడుము పూసలు కోరినచో ఉచితముగానే ఇత్తురు. ఉడికించి, ఎండబెట్టి, వరుసగా పేర్చి, ఒకే స్థానపు పూసలను కొలిచి ఆ కొలతలను గ్రాఫు కాగితముపై గుర్తించుట ద్వితీయ సంవత్సర విద్యార్థులు ఒక మాసములో చేయదగిన పని. గణితశాస్త్ర శాఖ వారును కలిసినచో మరియు బాగుండును. ఏటేట జరుగు విహారయాత్రలో హైదరాబాదు బి.ఎం. బిర్లా సైన్స్ సెంటరును చేర్చవలెను. యామన్‌పల్లి కోటాసారస్ అక్కడ నిలబెట్టబడియున్నది. దాని ముందు నిలిచి ఫోటో తీయించుకొనుటతో తృప్తిపడక, మెడ నుండి తోక వరకు ఒక్కొక్క పూసను చూచి నడచిన విద్యార్థి, నేను ఈ వ్యాసమున చెప్పినదానికంటె ఎక్కువ నేర్చుకొని తిరిగివచ్చును.

మొన్న ఈ వ్యాసము వ్రాయుటకు ముందు పెట్టెను మరల బల్లపై గ్రుమ్మరించి చూచితిని. దారముతో కట్టిన మేక నడుములు మూడు ఉన్నవి. రెండింటిలో ఆరేసి పూసలు. మూడవ దానిలో ఏడు. దారమునకు కట్టిన చీటీపై ఎవరో ఉర్దూలో "సాత్" అని వ్రాసి, ఆ మాట క్రింద రెండు గీతలు గీసియున్నారు.